ఒకటో తరగతికి అప్పగింతలు

నేను ఒకసారి తొమ్మిది మంది పసిపిల్లల్ని ఒకేరోజు మేళతాళాలతో అత్తారింటికి పంపించాను. ఆగండాగండి, పోలీసులకు ఫోన్ చెయ్యకండి! ముందు మొత్తం వినండి. విన్న తర్వాత కూడా చెయ్యాలనిపిస్తే చేసుకోండి, నేను అడ్డుపడను. పెళ్లిళ్లలో సాంబారు మాడడం మీరు చూసుంటారు, తాళిబొట్టు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్ల గురించి వినుంటారు. కానీ ఒక ఊరి జనాన్నంతా, మేళగాళ్లతో సహా, స్కూలు గేటు ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చేలా చేసిన సర్కారు ఉద్యోగి ఈ కర్ణాటక రాష్ట్రంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇది పావగడ తాలూకాలో జరిగింది. ఊరి పేరు మాత్రం అడక్కండి. తిరుమణి దాటాక సోలార్ పార్కు కంచె వెంబడి పోతే తగిలే ఊళ్లలో ఒకటనుకోండి. ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూలుకొచ్చారు. పేరు చెబితే నా మీద కేసు వేసేది పోలీసులు కాదు, వాళ్లే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగం కొత్త, పెళ్లి కొత్త. రెండింటిలోనూ ఏం చెయ్యాలో తెలియకపోయినా అన్నీ తెలిసినట్టే తిరుగుతుండేదాన్ని. ఉద్యోగం పేరు సమన్వయాధికారి. ఆ పేరు చూసి మా మామగారు పదిమందికి ఫోన్లు చేశారు గానీ, అదేం చేసే ఉద్యోగమో వాళ్లెవరికీ చెప్పలేకపోయారు. మీకు నేను చెబుతాను. చిన్నపిల్లల్ని మన రాష్ట్రంలో మూడు శాఖలు చూసుకుంటాయి. అంగన్‌వాడీ వాళ్లు అన్నం, గుడ్డు, ఆటపాటలు. ఆరోగ్యశాఖ వాళ్లు టీకాలు, తూకం. స్కూలు వాళ్లు ఒకటో తరగతి నుంచి చదువు. ముగ్గురూ చూసేది ఒకే పిల్లని, ముగ్గురికీ మాత్రం ఒకరితో ఒకరికి మాటల్లేవు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించి, జూన్‌లో స్కూలు తలుపు తెరిచేసరికి పిల్ల భయపడకుండా లోపలికి నడిచిపోయేలా చెయ్యడమే నా పని. ఇంట్లో తెలుగు, స్కూల్లో కన్నడం అయిన మా పిల్లలకు ఆ తలుపు దాటడం ఇంకాస్త కష్టం.

ఈ ఊళ్లో దానికి తోడు ఇంకో తలనొప్పి ఉండేది. పొలాలు సోలార్‌కు కౌలుకిచ్చాక చేతిలో నాలుగు డబ్బులాడినవాళ్లు పిల్లల్ని పావగడ కాన్వెంటు వ్యానెక్కించేశారు. మిగిలింది ఈ తొమ్మిది మందే. వీళ్లు ఒకటో తరగతిలో కుదురుగా కూర్చోకపోతే ఆ తరగతి ఎత్తేసి, కంచెకు అవతల ఉన్న ఊరి స్కూల్లో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది. ఆ ఊరికి పోవాలంటే కంచె మొత్తం చుట్టుకొని, లారీలు తిరిగే రోడ్డు మీద నడవాలి. తల్లులేమో తెల్లారకముందే సోలార్ పలకలు కడగడానికీ, వాటి కింద గడ్డి కొయ్యడానికీ పోతారు. ఇక పిల్లల్ని ఎవరు తీసుకుపోతారు? ఎవరూ పోరు. పిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు. అందుకని ఒకటో తరగతి ఊళ్లోనే ఉండాలి, పిల్లలు అందులోనే కూర్చోవాలి. నాకు రాత్రీ పగలూ ఇదే ధ్యాస.

ఇంతలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలు అంగన్‌వాడీ నుంచి స్కూలుకు మారడాన్ని స్థానిక సంప్రదాయానికి తగ్గట్టు వేడుకగా జరపాలట. అది చదివి ఊరికే ఉంటే నేను నేనెందుకవుతాను? నేరుగా హెడ్‌మాస్టరు దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన పేరు రామాంజినప్ప. ఊరంతా మేష్ట్రు అంటుంది. నెమ్మదైన మనిషి, సుద్దముక్క కిందపడితే దానికి దెబ్బ తగిలిందేమోనని చూసే రకం.

"మేష్ట్రే, మన ఆడపిల్లను ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి ఎట్ల పంపిస్తాం?" అని అడిగాను.

"బస్సులో," అన్నారాయన.

"అది కాదు మేష్ట్రే! పెండ్లిలో!"

"అప్పగింతలు పెట్టి," అన్నారు, అనుమానంగా.

"అదే! అంగన్‌వాడీ పుట్టిల్లు, స్కూలు అత్తిల్లు. పళ్లెంలో పాలు పోసి, పిల్లోళ్ల చేతులు ముంచి, మీ చేతుల్లో పెడతాం. మేళం పిలిపిస్తాం. ఎంత బాగుంటాదో ఊహించుకోండి!"

ఆయన కాసేపు ఊహించుకున్నారు. మొహంలో బాగున్నట్టేమీ కనిపించలేదు.

"మేడమ్మా, నాకు రిటైర్మెంటు దగ్గర్లో ఉండాది. ఈ వయసులో నన్ను అత్తను చేస్తారా? నాలుగు బెలూన్లు కట్టి, తలా ఒగ చాక్లెట్టు ఇచ్చేస్తే సాలదా?"

"బెలూన్లు మన సంప్రదాయమా మేష్ట్రే?"

పాపం, ఆయన సరేనని తలూపేశారు. ఊపకుండా ఉండి ఉంటే ఎంత బాగుండేది!

నన్ను నేను వెనకేసుకు రావడానికి ఒక్క మాట చెప్పుకోనివ్వండి. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు నేను ఏడవలేదు. అమ్మ అప్పటికే లేదు. పిన్ని నా చేతులు పాలల్లో ముంచింది, పాలు చల్లగా ఉన్నాయని మాత్రం గుర్తుంది. ఏడుపు ఫొటో దొరకలేదని ఫొటోగ్రాఫరు చివరిదాకా సణుగుతూనే ఉన్నాడు. అందుకని అప్పగింతలంటే ఎవరికీ ఏమీ కాని ఒక అందమైన తంతు అని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. తొమ్మిది మందికీ తలంట్లు పోసి, కొత్త యూనిఫారాలు తొడిగి, బుగ్గన చుక్కలు పెట్టారు. ఆరోగ్యశాఖ నర్సమ్మ పిల్లలందర్నీ తూకం వేసి, కళ్లూ చెవులూ చూసి, ఒక్కొక్కరి తల నిమిరి పంపింది. మూడు శాఖలూ ఒక్క పందిరి కింద! సమన్వయం అంటే ఇదీ అని నాలో నేను మురిసిపోయాను. మేళగాళ్లలో పెద్దాయన నాదస్వరం తుడుచుకుంటూ, "ఏది వాయించమంటారు మేడమ్మా?" అని అడిగాడు.

"అప్పగింతలకు ఏది వాయిస్తారో అదే," అన్నాను.

"బాగా ఆలోచించుకోండి," అన్నాడాయన. అంతమంది పెద్దమనుషుల్లో ఆ రోజు బుద్ధిగా మాట్లాడింది ఆయనొక్కడే.

వాయించడం మొదలైంది. మొదట కరిగిపోయింది నరసమ్మవ్వ. ఆమె అంగన్‌వాడీలో వంట చేసే ఆయా. పిల్లలకు అన్నం కలిపి పెట్టేదీ, మూతులు తుడిచేదీ, మధ్యాహ్నం ఒళ్లో పడుకోబెట్టుకొనేదీ ఆమే. ఆమె శెనక్కాయ చేను ఇప్పుడు సోలార్ అద్దాల కింద ఉంది. చేలో పనిలేక ఖాళీ అయిన ఆ చేతులనిండా ఈ పిల్లలే. పళ్లెం పట్టుకొని నిలబడ్డ మనిషి పాలల్లోకి కన్నీళ్లు రాల్చడం మొదలుపెట్టింది. ముందు వరసలో భాగ్య అనే చిన్నది ఉంది. ఊళ్లో అందరికన్నా పెద్ద నోరు దానిది.

"అవ్వా, ఎందుకు ఏడుస్తాండావు?" అంది.

"ఏం లేదమ్మా. నువ్వు పోతాండావు గదా."

"యాడికి?"

"శాలెకి."

శాలె అంటే స్కూలే, అదిగో ఎదురుగా నాలుగడుగుల దూరంలో కనిపిస్తూనే ఉంది. కానీ నాదస్వరం వింటూంటే అది కాశీకంటే దూరంగా అనిపించింది.

"మల్ల రానా?" అంది భాగ్య.

ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు కదా! సాయంత్రం ఇంటికొస్తావులే అనొచ్చు కదా! నరసమ్మవ్వ కొంగు నోట్లో కుక్కుకొని గొల్లుమంది. అంతే, భాగ్య ఎత్తుకుంది ఆరున్నొక్క రాగం. దాన్ని చూసి మిగతా ఎనిమిది మందీ. పిల్లల్ని చూసి తల్లులు. అంతదాకా ధైర్యంగా కూర్చున్న అంగన్‌వాడీ టీచరు గోడవైపు తిరిగింది. మేష్ట్రు చేతులు పాలల్లో ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడానికి లేదు. ఆ ఎండాకాలమే ఆయన తన బిడ్డ పెళ్లి చేశారని నాకేం తెలుసు? "అయ్యో నా తల్లీ, యాడుండావో," అంటూ ఆయన భాగ్యను పట్టుకొని ఏడుస్తున్నారు, భాగ్య ఆయన్ను తన్ని తప్పించుకోవాలని చూస్తోంది. మేళం ఆగిపోయింది. చూస్తే పెద్దాయన నాదస్వరం పక్కన పెట్టి తువ్వాల్లో మొహం దాచుకున్నాడు.

నేను ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తుతున్నాను. "ఎవురూ ఏడ్చద్దండి! ఇది సంబరం! సంబరమప్పా ఇది!" నా మాట వినే నాథుడు లేడు. ఇంతలో ఎవరో నా చీర కుచ్చిళ్లు పట్టుకున్నారు. చూస్తే భాగ్య.

"మేడం, నన్ను పంపొద్దని చెప్పు," అంది.

నా పెళ్లిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఆగకుండా వచ్చింది. మూడు శాఖల సమన్వయాధికారి స్కూలు మెట్ల మీద కూర్చొని, చిన్నపిల్ల మెడ పట్టుకొని బావురుమంది. ఆ రోజు ఒక్క పిల్ల కూడా స్కూల్లో అడుగు పెట్టలేదు. అందర్నీ తిరిగి అంగన్‌వాడీకి తీసుకుపోయి అన్నాలు పెట్టాల్సి వచ్చింది.

అయితే ఊరి పెద్దముత్తైదువలు ఊరుకోలేదు. "ఒప్పజెప్పిన బిడ్డల్ని ఇంట్లో పెట్టుకుంటారా యాడన్నా?" అని, మర్నాటినుంచి చీదుకుంటున్న పిల్లల్ని తీసుకుపోయి స్కూల్లో దిగబెట్టి వచ్చారు. పిల్లలు కిటికీలోంచి అంగన్‌వాడీ వైపే చూస్తూ కూర్చునేవాళ్లు. అయినా కూర్చున్నారు కదా! సంప్రదాయం బలమే బలం అనుకున్నాను. బెంగళూరులో ఉండే మా పై అధికారి, పెద్ద మేడం, తరగతిని చూడడానికి ఫలానా రోజు వస్తానంటే, తప్పకుండా రండి అని గొప్పగా చెప్పేశాను.

ఆమె రావడానికి రెండు రోజుల ముందు మేష్ట్రు ఫోన్ చేశారు.

"మేడమ్మా, క్లాసులో ఒగురూ లేరు."

"జ్వరాలా మేష్ట్రే?"

"కాదు. ఆషాడం."

"ఆషాడానికీ ఒకటో క్లాసుకీ ఏం సంబంధం?"

"అది మీరే చెప్పల్ల. నన్ను అత్తను చేసిందెవురు?"

అప్పుడు తగిలింది నాకు దెబ్బ. కొత్త కోడలు ఆషాఢమాసం అత్తగారింట్లో ఉండకూడదు. పుట్టింటికి పోవాలి, శ్రావణంలోనే తిరిగి రావాలి. అంతదాకా అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. ఇది మా పక్క పసిపిల్లకు కూడా తెలుసు. సమన్వయాధికారికి తప్ప.

స్కూటీ మీద ఎట్లా పోయానో నాకే తెలియదు. తొమ్మిది మందీ అంగన్‌వాడీ వరండాలో కాళ్లు చాపుకొని కూర్చున్నారు. తడిగుడ్డలతో పలకలు రుద్దుతున్నారు. సోలార్ పలకలు కడిగే ఆటట. ఆ మొహాల్లో ఎంత సుఖమో!

"ఇదేంది అవ్వా!" అని అరిచాను. "వీళ్లు కోడండ్లు కాదు, ఒకటో క్లాసు పిల్లోళ్లు! సగం మంది మగపిల్లోళ్లు!"

నరసమ్మవ్వ పొయ్యి దగ్గరినుంచి లేవనన్నా లేవలేదు. "పాలల్లో చేతులు ముంచి ఒప్పజెప్పినావా లేదా?"

"ముంచినా."

"మేళం పెట్టినావా లేదా?"

"పెట్టినా."

"మల్ల? శాస్త్రం సగం చేసి ఇడిచిపెడతారా? బిడ్డలకు మంచిదా? వాళ్లమ్మలు భయపడతాండారు."

"పెద్ద మేడం వస్తాదవ్వా! క్లాసులో పిల్లోళ్లు లేకుంటే క్లాసే ఎత్తేస్తారు. ఈ బిడ్డలు ఆ లారీల్లో పడి ఆ ఊరికి నడిచి పోవల్ల!"

ఈసారి ఆమె తల తిప్పింది. నేను అడిగినదానికి జవాబిస్తుందనుకుంటే, ఇంకేదో అడిగింది.

"నీదీ కొత్త పెండ్లే గదా. ఆషాడమొచ్చినాది, నువ్వు పుట్టింటికి పోలేదా?"

"యాడికి పోయేదవ్వా. అమ్మ లేదు," అన్నాను. ఆ నెల మా వీధిలో కొత్త పెళ్లికూతుళ్లంతా సంచులు సర్దుకొని పోతుంటే కిటికీలోంచి చూశాను. ఎవరైనా నన్ను కూడా రమ్మంటే బాగుండునని ఎంత అనిపించిందో ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకొనేదాన్నయితే ఇంత హడావుడి ఉద్యోగం చేసేదాన్నే కాదేమో.

నరసమ్మవ్వ ఒక పళ్లెం కడిగింది. వేడన్నం మీద సారు పోసి, పక్కన ఒక గుడ్డు పెట్టింది. "కూర్చో. ఈ నెలంతా ఈడికే వచ్చి తినిపో," అంది. భాగ్య జరిగి నాకు చోటిచ్చింది. సర్కారు గుడ్డు అది, పిల్లలకు వచ్చింది. తినే హక్కు నాకు ఏ రూలు ప్రకారమూ లేదు. తిన్నాను. పైవాళ్లు ఎప్పుడైనా అడిగితే దానికి కూడా శిక్ష అనుభవిస్తాను. అంత రుచిగల అన్నం మళ్లీ నేను తినలేదు.

నేను చెయ్యి కడుక్కునే వేళకు అవ్వే దారి చెప్పింది. "బిడ్డలు ఆడికి పోగూడదు గానీ, మేష్ట్రును ఈడికి రమ్మంటే ఏమాయె?"

ఎగిరి గంతేసినంత పని చేశాను. మర్నాడు పొద్దున్నే మేష్ట్రు నల్లబోర్డు నెత్తిన పెట్టుకొని వచ్చారు. గేటులో కాలు పెట్టబోతే నరసమ్మవ్వ చీపురు అడ్డం పెట్టింది.

"మేష్ట్రప్పా, ఆడనే నిలబడు! అత్తాకోడండ్లు ఒగ గడప దాటగూడదు!"

"అక్కా, ఎండగా ఉండాది!"

"గొడుగు తెచ్చుకో."

ఎంత బతిమాలినా ఆమె చీపురు తియ్యలేదు. చివరికి బోర్డు సైకిలుకు ఆనించి, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో బెత్తం పట్టుకొని, మేష్ట్రు కాంపౌండు గోడ బయట నిలబడి పాఠం మొదలుపెట్టారు. పిల్లలు లోపల వరండాలో. అక్షరాలు గోడ దాటి లోపలికి పోవాలంటే గట్టిగా అరవాలి, జవాబులు గోడ దాటి బయటికి రావాలంటే అంతకన్నా గట్టిగా అరవాలి. కిటికీలోంచి బిక్కుబిక్కుమంటూ చూసిన పిల్లలే ఇప్పుడు గొంతులు చించుకుంటున్నారు. అవ్వ పక్కనే ఉంది కదా, ఇంకెందుకు భయం?

పెద్ద మేడం రానే వచ్చింది. నిండైన మనిషి, నవ్వు తక్కువ. ఖాళీ ఒకటో తరగతి చూసింది. నా మొహం చూసింది. దూరంనుంచి అరుపులు వినబడి అటు నడిచింది. వెనకాలే నేను. గోడ బయట గొడుగు కింద చెమటలు కక్కుతున్న మేష్ట్రును చూసి ఆమె కన్నడంలో, "ఇదేమిటి?" అని అడిగింది.

"ఆషాఢం మేడం," అన్నారాయన, వినయంగా.

ఆమె గోడమీదుగా లోపలికి తొంగి చూసి, కన్నడంలోనే పిల్లల్ని ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. పేర్లు అడిగితే చెప్పారు. రంగులు అడిగితే చెప్పారు. అంకెలు చెప్పమంటే ఆపమనేదాకా చెప్పారు, ఆపమన్నాక కూడా చెప్పారు. ఆ మేడం గేటు వైపు రాబోతుంటే భాగ్య లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకొని, వచ్చీరాని కన్నడంలో గద్దించింది.

"ఆగండి! మీరు అత్త వైపా, అమ్మ వైపా?"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. పెద్ద మేడం అక్కడే ఆగి భాగ్యను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత, "అమ్మ వైపు," అని చెప్పి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. జరిగినదంతా నేను నత్తి నత్తిగా చెబుతుంటే మొదట పెదవులు బిగబట్టింది, తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక, "నేను ఆషాఢానికి మా అమ్మ దగ్గరికి పోయి ఎన్నేళ్లయిందో," అంది. ఎవరితో అన్నదో తెలియదు. నరసమ్మవ్వ ఇంకో పళ్లెం కడిగింది.

వెళ్లేముందు ఆమె నన్ను పక్కకు పిలిచింది. "ఈ పిల్లలు సిద్ధంగా ఉన్నారు. తరగతి ఈ ఊళ్లోనే ఉంటుంది. కానీ శ్రావణం వచ్చిన రోజు వీళ్లు స్కూల్లో కనబడకపోతే నిన్ను ఎక్కడికి పంపుతానో చూడు." ఆ మాట విన్నాక నేను ఆమె కాళ్లమీద పడలేదంటే, నా చేతిలో నరసమ్మవ్వ ఇచ్చిన మజ్జిగ గ్లాసు ఉండడమే కారణం.

శ్రావణం వచ్చింది. తల్లులంతా పనికి ఆలస్యంగా పోతామని చెప్పి వచ్చారు. మగపిల్లలు చొక్కా అంచులు పట్టుకుంటే, ఆడపిల్లలు గౌన్లు పట్టుకుంటే, ఒడిబియ్యం పోసి, బెల్లంముక్క, బలపం పెట్టారు. మేళం మాటెత్తితే నేనే కంచెలో దూరి చస్తానన్నాను. ఈసారి ఏడుపుకు సిద్ధపడి రుమాళ్లు కూడా తెచ్చిపెట్టుకున్నాను. నరసమ్మవ్వ గేటు తీసింది.

పిల్లలు పరుగెత్తారు. బియ్యం దారంతా రాలిపోతున్నాయి. ఒకర్ని ఒకరు తోసుకుంటూ స్కూలు మెట్లెక్కారు. "మేష్ట్రే, మేము వచ్చినాము!" అని భాగ్య అరిచిన అరుపు మాదాకా వినిపించింది. తలుపులోకి తొమ్మిది మందీ మాయమయ్యారు.

గేటు దగ్గర నేనూ అవ్వా నిలబడిపోయాం. వరండా అంతా బోసిపోయింది.

"ఒగటన్నా తిరిగి సూసినాదా?" అని అడిగిందామె.

"లేదవ్వా."

"మంచిదే లే," అంది. లోపలికి పోలేదు, అక్కడే నిలబడింది. నేనూ పోలేదు. పిల్లలు వెనక్కి చూడకుండా నడిచిపోవాలనే కదా నాకు జీతమిచ్చింది. అది జరిగిన రోజున నాకు ఎంత దిగులు పుట్టిందంటే, ఒక్కసారి తిరిగి చూడండర్రా అని కేక పెట్టాలనిపించింది. ఇప్పుడు తుమకూరులో, ఫ్యాను కింద కూర్చొని పనిచేస్తుంటాను. ఆ వరండా మీద బెంగ మాత్రం ఏ ఆషాఢానికీ తగ్గలేదు.

కాబట్టి పాఠకుల ఎదుట, మూడు శాఖల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పిల్లనూ పాలల్లో చేతులు ముంచి ఎవరికీ ఒప్పజెప్పను. పై అధికారులు కోరితే బెలూన్లు కడతాను, చాక్లెట్లు పంచుతాను, అవసరమైతే నేనే ఎగురుతాను. పిల్లల్ని పంపించాల్సిన పెద్దవాళ్లను సిద్ధం చెయ్యడానికి కూడా ఒక శాఖ పెడితే మంచిదని సర్కారుకు మనవి. దానికి సమన్వయాధికారిగా మాత్రం నన్ను వెయ్యకండి. నేనింకా సిద్ధంగా లేను.